లైన్లో ఎవరైనా ఉన్నారా

మా వదిన కంప్యూటర్లు బాగుచేస్తుంది. అయితే పాడైన కంప్యూటర్ గురించి చెప్పడానికి ఎవరైనా వస్తే ముందు దాని సంగతి అడగదు. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, "అది పాడైన వారం మీ ఇంట్లో ఏం జరిగింది?" అని అడుగుతుంది. వచ్చినవాళ్లు ముఖముఖాలు చూసుకుంటారు. కొందరు నవ్వుతారు, కొందరికి ఒళ్లు మండుతుంది. ఆవిడ మాత్రం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాళ్లు చెప్పేదాకా కదలదు.

నేను ఆవిడ తమ్ముడి భార్యను. రిటైరయ్యేదాకా ఆసుపత్రిలో నర్సుగా చేశాను. నాకు ఇంత నిదానం పడదు. జ్వరమైతే జ్వరం చూడాలి, గాయమైతే కట్టు కట్టాలి, మధ్యలో ఈ ఇంటి రామాయణం ఎందుకు? కాపురానికి వచ్చిన కొత్తలోనే ఈ మాట ఆవిడ మొహం మీదే అన్నాను. "నువ్వు సూది గుచ్చి వెళ్లిపోతావు పిల్లా, తర్వాత మూలిగేది ఎవరో వినవు," అంది. అప్పటి నుంచీ మేమిద్దరం ఉప్పూ నిప్పూ. ఆవిడ పైవాటాలో, మేము కిందివాటాలో ఉంటాం. ఒక్క పూట ఆవిడ మెట్లు దిగి రాకపోతే మాత్రం నాకు తోచదు.

వదిన వయసులో ఉన్నప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఆ రోజుల్లో ఒకరు ఇంకొకరితో మాట్లాడాలంటే మధ్యలో ఒక అమ్మాయి కూర్చుని, ఈ రంధ్రానికీ ఆ రంధ్రానికీ తీగ కలపాలి. మాటలు అయిపోయాక ఆ తీగ లాగెయ్యాలి. కొత్తగా చేరినవాళ్లకు అక్కడ మొట్టమొదట నేర్పేది ఒకటే. తీగ లాగే ముందు లైను వినాలి. ఏమీ వినిపించకపోయినా సరే, "లైన్లో ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. చప్పుడు లేనంత మాత్రాన అక్కడ మనిషి లేడని కాదు. మాట రాక ఆగిపోయినవాడు ఉండొచ్చు. రిసీవరు చేత్తో మూసి ఏడుస్తున్నవాడు ఉండొచ్చు. అడక్కుండా తీగ లాగిన అమ్మాయికి ఆ రోజంతా తిట్లే.

తర్వాత ఆ పని యంత్రాలే చేసుకోవడం మొదలుపెట్టాయి. తీగలు పోయాయి, తీగలు కలిపే అమ్మాయిల ఉద్యోగాలూ పోయాయి. మిగతావాళ్లు యంత్రాన్ని తిట్టుకుంటూ ఇళ్లకు వెళ్లిపోతే మా వదిన, నా ఉద్యోగం మింగిన దాని కడుపులో ఏముందో చూడాలని కంప్యూటర్ నేర్చుకుంది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే "లైను కలవలేదు," అనేది. అడిగినవాళ్లు మళ్లీ అడిగేవాళ్లు కాదు.

ఆవిడకు ఇంకో పట్టుదల ఉంది. యంత్రాన్ని దాని చోటు నుంచి కదపనివ్వదు. తనే ఇంటికి వెళ్లి చూస్తుంది. ఎక్కడ పెట్టారో, ఎవరు వాడతారో, పక్కన ఏముందో చూడకుండా రోగం తెలియదంటుంది. ఈ మధ్య మోకాళ్లు నొప్పి కాబట్టి పనిముట్ల సంచీ మోసే భాగ్యం నాది. సణుక్కుంటూనే మోస్తాను. మైకు మావయ్య ఇంటికి వెళ్లిన రోజు కూడా అలాగే మోశాను.

మైకు మావయ్యంటే మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఎప్పుడు బయల్దేరుతుందో మైకులో చెప్పే ఉద్యోగం ఆయనది. నేను రోజూ పక్క ఊరి ఆసుపత్రికి బస్సులో వెళ్లేదాన్ని. ఏళ్ల తరబడి ఆయన గొంతు విన్నాను గానీ మనిషిని చూడలేదు. ఆ గొంతుకు ఒక ముఖం ఉంటుందని కూడా అనుకోలేదు. గంభీరంగానే ఉండేది, కానీ అదిలించేది కాదు. బస్సు కిక్కిరిసిపోయినా సరే, చివర్లో ఒక మాట తప్పకుండా చెప్పేవాడు. "తొందరపడకండి. అందరికీ చోటుంది." చోటుండదని మాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆ మాట వినగానే జనం నెట్టుకోవడం మానేసేవాళ్లు. ఒకసారి నా వార్డులో ఒక పసిబిడ్డ పోయిన మర్నాడు పొద్దున, ఆ బస్టాండులోనే స్తంభం చాటున నిలబడి ఏడ్చాను. మూడు బస్సులు వదిలేశాను. నాలుగోదానికి ఆయన ఆ మాట చెప్పాడు, కళ్లు తుడుచుకుని ఎక్కాను. నన్ను చూసి చెప్పి ఉంటాడని కాదు. ఆయనకు నేనెవరో కూడా తెలియదు.

రిటైరయ్యాక ఆయన ఖాళీగా కూర్చోలేదు. చూపులేని పిల్లల బడికి పాఠాలు చదివి పెట్టేవాడు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, మైకులో చదివి, సీడీల మీదికి ఎక్కించి పంపేవాడు. ఆ తర్వాత గొంతులో పుండు లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రం మిగిలింది, ఊపిరి దాంట్లోంచే. దుమ్ము పోకుండా దాని మీద తెల్లటి మెత్తని గుడ్డ కట్టుకుంటాడు. ఆ గుడ్డలు ఎంత కొలతకు కత్తిరించాలో, రెండు చివరలా నాడా ఎలా కుట్టాలో ఆయన భార్యకు నేర్పింది నేనే. ఆవిణ్ణి నేను అత్తయ్యా అంటాను. గొంతుకు ఆనించుకుంటే మాటలా వినిపించే చిన్న యంత్రం కూడా ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. ఒక్కసారి వాడి, కందిరీగ మాట్లాడినట్టుందని సొరుగులో పడేశాడు. ఆ తర్వాత ఆయన చెప్పేది పెదాల కదలికే. దాన్ని చదవగలిగింది అత్తయ్య ఒక్కతే.

ఒక మధ్యాహ్నం అత్తయ్య కొంగు చాటున ఒక సీడీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక సంగతి చెప్పిందట. మనిషి పాత గొంతు శుభ్రంగా రికార్డయి ఒక అరగంట దొరికితే చాలు, ఆ గొంతును ఫోనుకు నేర్పిస్తారట. ఆయన ఏం టైపు చేస్తే ఫోను అది ఆయన గొంతుతోనే పలుకుతుందట. బడికి పంపిన సీడీలన్నీ పిల్లల చేతుల్లో అరిగి పోయాయి. సీడీకి ఎక్కించగానే కంప్యూటర్లోది చెరిపేసేవాడు కాబట్టి ఇంట్లో మిగిలింది ఈ ఒక్కటే. దీన్ని చదివే కంప్యూటరేమో సీడీ డ్రైవు ఉందన్న సంగతే మర్చిపోయింది.

"మావయ్యకు చెప్పారా?" అని నేనడిగాను.

చెప్పలేదంది. ముందు ఆశ పెట్టి, తీరా అది పని చెయ్యకపోతే ఆయన తట్టుకోలేడు, చేతికి వచ్చాకే చెబుతానంది. వదిన ఎప్పటిలాగే, డ్రైవు కనిపించకుండా పోయిన వారం ఇంట్లో ఏం జరిగిందని అడిగింది. "ఏం జరగలేదమ్మా," అంది అత్తయ్య. జవాబు కాస్త త్వరగా వచ్చింది. వదిన తల ఊపి ఊరుకుంది.

వదిన తన దగ్గరున్న డ్రైవుల్లో ఆ సీడీ పెట్టి చూసింది. ప్రతీదీ కాసేపు గిరగిరా తిరిగి, టిక్కుటిక్కుమని, మా వల్ల కాదని బయటికి నెట్టేసింది. ఇంక పోయిందే అనుకున్నాను నేను. వదిన సీడీని కిటికీ వెలుతురులో వాలుగా పట్టుకుని చూసి, ఇది పాడవలేదంది. రాసిన డ్రైవు కన్ను కాస్త వంకర, ఆ వంకర కన్ను వంకరగానే రాసింది, కాబట్టి తిన్నటి కళ్లకు ఇది అందదంది. చదవగలిగేది లోకం మొత్తంలో దీన్ని రాసిన ఆ ఒక్క డ్రైవేనట. గంతకు తగ్గ బొంత అన్నాను నేను. నవ్వుతూ అన్నానే గానీ లోపల ఏదో గుబులుగా అనిపించింది. ఆ పళ్లెం మీద ఉన్నవి కంటికి ఆనని కాలిన మచ్చలట. సన్నటి వెలుగు చుక్క ఒకటి వాటి మీద నడుస్తూ పోతుందట. వెలుగు తిరిగొస్తే ఒక అర్థం, రాకపోతే ఇంకో అర్థం. అంతే, దాంట్లోంచే మనిషి గొంతు, ఊపిరి, దగ్గు అన్నీ తిరిగొస్తాయట. నేను ఎంతోమంది గొంతులు లోపలికంటా చూసినదాన్ని. అయినా ఆ మాట విని ఆ పళ్లేన్ని ముట్టుకోవడానికి భయపడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లింటికి వెళ్లాం. మావయ్య ముందుగదిలో వాలుకుర్చీలో పేపరు చదువుతున్నాడు. మమ్మల్ని చూసి చిరునవ్వు నవ్వి, చేత్తో లోపలికి వెళ్లమన్నాడు. బిల్లులు కట్టడానికి కంప్యూటర్ కావాలి, అందుకే బాగుచేయిస్తున్నానని అత్తయ్య ఆయనకు చెప్పిందట. ఆయన మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. పేజీ మాత్రం తిప్పలేదు.

లోపలిగదిలో కిటికీ పక్కన బల్ల. దాని మీద కంప్యూటర్, తెర మీద అత్తయ్య కుట్టిన పూల గుడ్డ. గోడ అవతల వంటిల్లు. వదిన గుడ్డ మడిచి పక్కన పెట్టి, కంప్యూటర్ ఆన్ చేసింది. లోపల ఎక్కడా డ్రైవు జాడ లేదు. డ్రైవు మీదున్న మీట నొక్కింది. ట్రే బుద్ధిగా బయటికి వచ్చింది. మళ్లీ నొక్కితే లోపలికి వెళ్లింది.

"కరెంటు అందుతోంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. మాటే అవతలికి చేరట్లేదు," అంది వదిన.

పక్కగదిలో ఉన్న మనిషి గుర్తొచ్చి నేను ఆవిడ భుజం గిల్లాను. ఆవిడ పట్టించుకోలేదు. కంప్యూటర్ని ఆపి మళ్లీ ఆన్ చేసి, అది నిద్ర లేస్తూ తనవాళ్లు ఎవరెవరున్నారో లెక్క చూసుకునే మొదటి తెర దగ్గర ఆపింది. ఆ వరుసలో కూడా డ్రైవు పేరు లేదు. మర్చిపోవడం వేరు, అసలు తెలియకపోవడం వేరు, ఇది రెండోది అంది. అంటే తప్పు ప్రోగ్రాంలో లేదు, పెట్టె లోపల ఉంది.

అంతలో అత్తయ్య గొణుగుతూ ఒక సంగతి బయటపెట్టింది. డ్రైవు కనిపించకుండా పోయాక ఆవిడ తమ్ముడు వచ్చి, నాకు వదిలెయ్యి అక్కా అని కూర్చుని, పాతవంటూ ఏవేవో ప్రోగ్రాములు తీసిపారేశాడట. సీడీలు రాసే ప్రోగ్రాం కూడా వాటిలో పోయిందట. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అన్నాను నేను. అతగాడు ఎదురుగా లేడు కాబట్టి సరిపోయింది.

వదిన పెట్టె పక్క రేకు విప్పింది. లోపల అంతా దుమ్ము పేరుకుని ఉంది. డ్రైవు వెనకాల మాత్రం నాలుగు వేళ్ల మేర శుభ్రంగా ఉంది. టార్చి వేసి చూశాను. డ్రైవు నుంచి అసలు బోర్డుకు వెళ్లే సన్నటి తీగ ఊడి ఉంది. ఊడిందంటే తప్పు, తీసి ఉంది. ఆ తీగ కొసకు దుమ్ము పట్టకుండా ఒక తెల్లగుడ్డ చుట్టి, దారంతో చిన్న ముడి వేసి, ఫ్యానుకు తగలకుండా ఓ వారగా ఒదిగించి పెట్టారు.

"కోపంతో లాగిన తీగ ఇలా ఉండదు," అని వదిన మెల్లగా అంది.

నేనా గుడ్డనే చూస్తున్నాను. మెత్తటి తెల్లగుడ్డ, అంచు రెండుసార్లు మడిచి కుట్టింది, ఒక చివర ఇంకా నాడా ముక్క ఉంది. ఆ కుట్టు నేను నేర్పిందే. గొంతు పోయిన మనిషి, తన మెడకు కట్టుకునే గుడ్డే తెచ్చి, తన గొంతును మోసే తీగకు కట్టి దాచాడు. అత్తయ్య మా వెనక నిలబడి ఉంది. ఆవిడకు ఇంకా కనిపించలేదు.

నా నోరు ఊరుకోదు కదా. "పెట్టెయ్ వదినా, ఎవరు తీస్తే మనకేం, క్షణంలో పని," అని గుసగుసగా అన్నాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు. లైన్లో మనిషి ఉన్నాడు."

తల తిప్పి చూస్తే గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. మాట లేని మనిషి రావడం ఎవరికీ వినపడదు. వదిన మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని కష్టపడి లేచి, ఆయనకు ఎదురుగా నిలబడింది. నేను ముప్పై ఏళ్లుగా వెక్కిరిస్తున్న ఆ నిదానం ఎంత పెద్దదో ఆ నిమిషంలో నాకు తెలిసింది.

"బావగారూ, ఈ తీగ పాడవలేదు. ఎవరో జాగ్రత్తగా తీసి పెట్టారు. తీసినవాళ్లని అడక్కుండా నేను పెట్టను," అంది.

అత్తయ్య అప్పుడు ముందుకు వంగి చూసింది. గుడ్డను చూసింది. తర్వాత ఆయన మెడను చూసింది.

ఆయన పెదాలు కదిలాయి. ఆయన ఏమన్నా ఆవిడే పైకి చెప్పాలి, ఎదుటివాళ్లకు తెలిసే దారి అదొక్కటే. అలవాటు కొద్దీ ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.

"నేనే తీశాను, అంటున్నారు." పెదాలు మళ్లీ కదిలాయి. "రోజూ మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని అది పెట్టుకుని వినేదానివి, అంటున్నారు. గోడ పక్కనే కదా, నాకూ వినపడేది." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు, మెడ మీద గుడ్డ లేచి పడింది. "నువ్వు ఆ గొంతుతో కాపురం చేస్తున్నావు. నేను ఈ ఇంట్లో..." అత్తయ్య గొంతు ఆగిపోయింది. ఆయన పెదాలు ఆగలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, ఆ మాట కూడా చెప్పింది. "చుట్టంలా ఉన్నాను, అంటున్నారు."

తన మీద వేసిన నిందను తన నోటితోనే పలకాల్సి వచ్చిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఒక్క మాట కూడా తగ్గించి చెప్పలేదావిడ. తగ్గించినా మాకు తెలిసేది కాదు. ఆసుపత్రిలో ప్రాణాలు పోవడం చూశాను, నిలబడడం చూశాను, కానీ భార్యాభర్తల మధ్య అంత నిజం చూడలేదు.

ఆవిడ మంచం అంచున కూర్చుని డాక్టరమ్మ చెప్పిన సంగతి అంతా ఆయనకు చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదో కూడా చెప్పింది. ఆయన ఆశ పడతాడని ఆవిడ దాచింది, ఆవిడ బాధ పడుతుందని ఆయన దాచాడు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఇద్దరూ ఏడాదిగా ఒకరికి తెలియకుండా ఒకరు మోసింది ఆ మధ్యాహ్నం మా ముందు బయటపడింది. లేచి వెళ్లిపోదామా అనిపించింది. వదిన మాత్రం కదల్లేదు.

"మీరు వద్దంటే వద్దు. నాకు మీ పెదాలు చాలు," అంది అత్తయ్య. "కానీ నేను వినేది మీరనుకున్నది కాదు."

ఆయన బల్ల కాలు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. దారం ముడి విప్పాడు. గుడ్డ తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. వదిన టార్చి పట్టుకుంది. తీగ కొస తన చోట్లో టిక్కుమని కూర్చుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఈసారి మొదటి తెర మీద డ్రైవు పేరు వచ్చింది గానీ, కంప్యూటర్ పూర్తిగా లేచాక దాని పేరు పక్కన పసుపు గుర్తు నిలబడింది. మనిషిని గుర్తుపట్టాను గానీ పలకరించను అన్నట్టుంది. అత్తయ్య ముఖం పాలిపోయింది. వదిన మాత్రం మీ తమ్ముడి చేతి చలవ ఇదీ అని అత్తయ్యతో అని నవ్వింది. అతగాడు తీసిపారేసిన ప్రోగ్రాం పోతూ పోతూ రెండు ఆజ్ఞలు వదిలి వెళ్లిందట. డ్రైవుతో ఎవరు మాట్లాడాలన్నా ముందు నన్నడగండి అని వాటి అర్థం. అడగడానికి ఆ ప్రోగ్రామే లేదు, కాబట్టి మాటలు అక్కడే ఆగిపోతున్నాయి. వదిన కంప్యూటర్ లోపలి పుస్తకంలాంటి చోటొకటి తెరిచి, అలవిగాని అడవిలాంటి పేర్ల మధ్యలోంచి ఆ రెండింటినీ వెతికి పట్టుకుంది. చెరిపే ముందు ఆ చోటుకు ఒక నకలు దాచింది. చెరిపేసింది. మళ్లీ ఆన్ చేసింది.

పసుపు గుర్తు లేదు. సీడీ లోపలికి వెళ్లింది. తిరిగింది, ఆగింది, టిక్కుమంది. మళ్లీ తిరిగింది. నలుగురం తెర మీదికి వంగాం. తెర మీద పాఠాల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి.

అత్తయ్య చెయ్యి చాచింది. వదిన ఆపింది. కన్ను పాతది, ఇంకోసారి చదువుతుందో లేదో చెప్పలేం, ముందు అంతా పెన్‌డ్రైవులోకి దింపుకుందాం, వినడం తర్వాత అంది. తెర మీద ఆకుపచ్చ గీత చీమ నడకలా జరిగింది. మధ్యలో ఒకచోట నిలిచిపోయింది. లోపల ఆ వంకర కన్ను తను ఎప్పుడో రాసుకున్నదాన్నే మళ్లీ మళ్లీ తడుముకుంటున్న చప్పుడు. వదిన కుర్చీలో కదలకుండా, ఎక్స్ఛేంజిలో కూర్చున్నట్టే కూర్చుని వింటోంది. నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. చివరికి గీత కదిలింది, నిండింది. వదిన సీడీ బయటికి తీసి అత్తయ్య చేతికిచ్చింది.

అప్పుడు వినిపించింది, పెన్‌డ్రైవులోంచి.

"పిల్లలూ, ఈ రోజు మనం మేఘం గురించి చదువుకుందాం."

అదే గొంతు. స్తంభం చాటున నిలబడి నేను విన్న గొంతు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఆ గొంతు పుస్తకంలో ఉన్నది నాలుగు వాక్యాలు చదివి, పుస్తకం పక్కన పెట్టి, చూపులేని పిల్లలకు మేఘం అంటే ఏమిటో చెబుతోంది. వేణ్ణీళ్లతో స్నానం చేశాక గదిలో ముఖానికి తడిగా తగిలేది ఉంటుంది కదా, అదే వెళ్లి ఆకాశంలో నిలబడితే మేఘం, మీరందరూ రోజూ మేఘంలోనే తల తుడుచుకుంటున్నారు అని. రోజూ ఆకాశాన్ని చూసే నాకు కూడా మేఘం అప్పుడే మొదటిసారి తెలిసినట్టయింది. గుమ్మం పక్కన మావయ్య గోడకు ఆనుకుని, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

అత్తయ్య లేచి, వదినను అడిగి, పాఠాన్ని కాస్త ముందుకు జరిపింది. ఎక్కడ ఆపాలో ఆవిడ వేలికి తెలుసు.

పాఠం నడుస్తోంది. దూరంగా, గోడ అవతల నుంచి, ఒక ఆడగొంతు. వయసు తక్కువగా ఉన్న అత్తయ్య గొంతే. "ఏమండీ, పాలు పొంగిపోతున్నాయ్, కాస్త దించండి, నా చేతులకు సబ్బుంది." మైకు దగ్గర ఒక నిట్టూర్పు. "పిల్లలూ, ఒక్క నిమిషం. మా ఇంట్లో కూడా మేఘం ఒకటి ఉరుముతోంది." తర్వాత ఆయన మైకు నుంచి పక్కకు తిరిగినట్టున్నాడు. గొంతు దూరమైంది.

"వస్తున్నా, ఉండు."

కుర్చీ జరిగిన చప్పుడు. చెప్పుల చప్పుడు. అంతే.

ఆ రెండు మాటలూ బస్టాండు గొంతు కాదు. ఊళ్లో ఎవరూ వినని గొంతు అది. విసుగు కొంచెం, నవ్వు కొంచెం, చనువు బోలెడంత ఉన్న ఇంటి గొంతు. అత్తయ్య పాఠాన్ని ఆపేసింది.

"ఇదే నేను వినేది. ఊరి గొంతు నాకెందుకు? పాఠం నాకెందుకు? ఇదొక్కటే నాది," అంది ఆయనతో.

మావయ్య ఇంకా కిటికీ వైపే తిరిగి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. ఇటు తిరిగాడు. నవ్వుతున్నాడు. ఏడుస్తూ నవ్వుతున్నాడు. చప్పుడు లేని ఆ నవ్వుకు మెడ మీది తెల్లగుడ్డ ఎగిరి ఎగిరి పడుతోంది. ఆయన పెదాలు ఏదో అన్నాయి. ఈసారి అత్తయ్య పైకి చెప్పలేదు, మేము అడగలేదు.

దారిలో సంచీ మోసుకుంటూ వదినను అడిగాను, ఆయనే తీశాడని నీకు ముందే తెలుసా అని. తెలియదంది. ఏం జరగలేదని మరీ తొందరగా చెప్పినప్పుడు ఎవరో ఉన్నారని మాత్రం తెలుసుకున్నానంది. నాకు ఆవిడ చెవులంటే ఆ రోజు నుంచీ భక్తి. ఆ మాట ఆవిడతో చెప్పలేదు. చెబితే మళ్లీ ఆవిడతో వేగలేం.

పెన్‌డ్రైవు ఆసుపత్రికి చేరింది. డాక్టరమ్మ పంపినచోట ఆ గొంతును ఫోనుకు నేర్పడానికి కొన్ని వారాలు పట్టింది. ఫోను ఇంటికి వచ్చిందని విని, ఒక సాయంత్రం వదిన, నేను చూడ్డానికి వెళ్లాం. మావయ్య వాలుకుర్చీలో కూర్చుని ఫోను అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఇంకా ఒక్క మాట కూడా దాంతో పలికించలేదట. మొదటి మాట ఏదో ఒకటి అయిపోకూడదని ఆగాడట. అత్తయ్య మా కోసం కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నెల చప్పుడు.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి, పాలు చూడండి," అని ఆవిడ లోపల నుంచి కేకేసింది. ఆవిడేమీ కావాలని అనలేదు. అలవాటు కొద్దీ వచ్చిన కేక అది.

మావయ్య వేలు తెర మీద ఒక్కొక్క అక్షరం వెతుక్కుంది. మేమిద్దరం ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాం.

"వస్తున్నా, ఉండు," అంది ఆయన గొంతు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మావయ్య కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత చాలాసేపు లోపల నుంచి ఏమీ వినిపించలేదు. నేను లేవబోతే వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పాలు పొంగి మాడిన వాసన ముందుగదిలోకి వచ్చింది. అయినా మేము కదల్లేదు.